కూలర్ ముందు గాజుబట్ట

ప్రతి మే నెలలో ఒక్క రోజు టీవీవాళ్ళకు మా ఊరు గుర్తొస్తుంది. నిన్న దేశం మొత్తం మీద ఎక్కువ వేడి చంద్రపూర్‌లో అని చెప్పి, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక రిక్షావాణ్ణీ, మోరీ పక్కన పడుకున్న ఒక కుక్కనూ చూపిస్తారు. ఆ సాయంత్రం కరీంనగర్ నుంచి మా చిన్నమ్మ ఫోను తప్పదు. "బతికే ఉన్నరా బిడ్డా?" అంటుంది. నేను మాత్రం ఊరుకుంటానా? పాలవాడు గేదెను పితికితే చెంబులోకి కోవా పడుతోందనీ, స్కూటర్ సీటు మీద అప్పడాలు కాల్చుకుని పప్పన్నంలో నంజుకుంటున్నామనీ చెబుతాను. చిన్నమ్మ ఏడ్చినంత పని చేస్తుంది. మొన్న కూడా అదే జరిగింది. ఫోను పెట్టేశాక అక్కను తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

అక్క ఉంటే ఈ వార్తకు పేడాలు పంచేది. నేను ఉత్తుత్తినే చెప్పడం లేదు, నిజంగానే పంచేది. "ఫస్టొచ్చినం రా తమ్మీ! మల్ల మనమే ఫస్టు!" అని రోడ్డు మీద అరుస్తుంటే, తెలియనివాళ్ళు ఇంట్లో ఎవరో బోర్డు పరీక్ష పాసయ్యారనుకునేవారు. పోయిన ఏడాది చలికాలంలో కన్నుమూసింది. ఎండాకాలంలో పోయే మనిషి కాదులెండి. ఎండాకాలం ఆమెకు పనుండేది.

పేరు రాయను. రాస్తే నేను కలిపే ఉప్పూకారం కూడా ఆమె ఖాతాలో పడుతుంది. ఊళ్ళో మరాఠీవాళ్ళు 'తాయీ' అనేవారు, తెలుగువాళ్ళం 'అక్క' అనేవాళ్ళం. రెండు భాషల్లోనూ సమానంగా భయపడేవాళ్ళం.

మనిషి పొడుగు. నడిస్తే ముందు ఆమె గొంతు వచ్చేది, తర్వాత ఆమె వచ్చేది. కట్టుకున్న ప్రతి నూలు చీరకూ ఎక్కడో ఒకచోట నిప్పురవ్వ పడ్డ చిల్లు ఉండేది. చుట్టాలింటికి వెళ్ళేటప్పుడు కూడా ఆ చీరే. ఎవరైనా చూపిస్తే, "గిది నా సర్టిఫికెట్" అనేది. కొంగు చివర ఒక పాత రూపాయి బిళ్ళ ముడేసుకుని ఉండేది. అది ఖర్చు కోసం కాదు. పొర మీద పొర బిగించి తను తయారుచేసిన పలకను చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, ఆ బిళ్ళతో కొట్టేది. కంచులా మోగితే లోపలి పొరలన్నీ ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు. 'డబ్' అని మొద్దుగా పలికితే ఎక్కడో పొర విడిచినట్టు. ఆ అలవాటు ఆమెకు ఎంత ముదిరిందంటే, పుచ్చకాయలూ, తలుపులూ, కొత్త గోడలూ అన్నీ ఆ బిళ్ళకు బలైపోయేవి. బ్యాంకు మేనేజరు ఒకసారి ఆమెకు వ్యాపారం గురించి ఉపన్యాసం ఇస్తుంటే, ఆయన బల్ల మీద రెండు దెబ్బలు కొట్టి, "సాబ్, లోపల చెదలున్నయి" అంది. విప్పి చూస్తే ఉన్నాయి. లోను మాత్రం ఇవ్వలేదు. నా తల మీద కూడా కొట్టి చూసింది. "పొర ఇడ్సింది" అంది. ఆ మాట ఇప్పటికీ మా ఆవిడ వాడుకుంటుంది.

దేశం తలుపులు తెరిచారని పేపర్లు రాస్తున్న రోజులవి. తెరిచిన తలుపులోంచి మా ఊరికి ముందుగా వచ్చింది విదేశీ కూల్‌డ్రింకు. దాని వెనకే టై కట్టుకున్న ఏజెంట్లు వచ్చారు. వాళ్ళందరికీ ఎదురుగా, పూణేలో లాబ్ ఉద్యోగం వదిలేసి ఈమె వచ్చింది. వాళ్ళ నాన్న తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడి బొగ్గు గనిలో చేసినాయన. బిడ్డను నాగపూర్ పంపి కెమిస్ట్రీ చదివించాడు. ఆ బిడ్డ, ఫ్యానుల కింద కూర్చునే ఉద్యోగం మానేసి, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుంది. వేడికి మెత్తబడని, కాలని పలకలు చేస్తానంది. "పూణేలోనే చెయ్యొచ్చు కదా?" అని అడిగినవాళ్ళకు ఒకటే జవాబు.

"ఆడ వేడి కొనుక్కోవాలె. గీడ ఫుకట్‌గ దొర్కుతది."

మాది గోల్ బజార్‌లో హార్డ్‌వేర్ దుకాణం. మా తాత కాలంలోనే వచ్చి స్థిరపడ్డాం. ఒకరోజు ఆమె జల్లెడ కోసం వచ్చేసరికి, నేను ఒక రైతుకు తుప్పు పట్టిన గొళ్ళెం అమ్ముతున్నాను. ఈ గొళ్ళెం నిజాం కోటదనీ, దీన్ని చూసి దొంగలు దండం పెట్టి వెళ్ళిపోతారనీ చెబుతున్నాను. ఆమె జల్లెడ సంగతి మరిచిపోయి చివరిదాకా విన్నది. రైతు గొళ్ళెం కొనుక్కుని వెళ్ళాక మా నాన్నతో అంది, "కాకా, ఈ పోరన్ని నాకియ్యి. నా పలకలకు నోరు లేదు. వీనికి నోరు తప్ప ఏం లేదు."

నాన్న నన్ను ఇవ్వడానికి అభ్యంతరం చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ కొంచెం బాధే. ఆయన అడిగిందల్లా ఒకటే. "ఇంతకు నువ్వు చేసేదేందమ్మా? బంకనా?"

అక్క గల్లాపెట్టె పక్కన ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"కాకా, మీ మేనత్త కొడుకు ఎవరిని చేస్కున్నడు?"

"మా అక్కను."

"మీ బామ్మర్ది?"

"మా చెల్లెను."

"మరి రేపు మీ బామ్మర్దితోని కొట్లాటైతె, వాడు నాకేం గాడని ఇడ్సిపెడ్తవా?"

నాన్న నిజంగానే ఆలోచించాడు. ఆ కోరిక ఆయనకు చాలాకాలంగా ఉందని మా అందరికీ తెలుసు. "ఎట్ల ఇడ్సిపెడ్త? వాన్ని ఒక్కన్ని గుంజితె అన్ని ఇండ్లు కదుల్తయి."

"నేను చేసేది గదే!" అని అక్క గల్లాపెట్టె మీద చరిచింది. "మామూలు ప్లాస్టిక్ ఉంటది సూడు, అది మహాకాళి జాతర్ల జనం అసుంటిది. పక్కపక్కనే ఉంటరు గని ఎవరికెవరు ఏం గారు. ఎండ కొట్టంగనే ఎవని తొవ్వ వాడు వడ్తడు. ప్లాస్టిక్ మెత్తవడి కారుతది. నా బంక, గదే రెజిన్, దాన్ల అందరు మేనరికపోల్లే కాకా. ఒక్కొక్కడు మూడు దిక్కుల చుట్టం. ఎంత వేడి వెట్టు, ఒక్కడు గూడ తన జాగ ఇడ్సి జరుగలేడు."

"గంత బిగిస్తె ఊపిరాడదు గదమ్మా మరి?" అన్నాడు నాన్న, అనుభవంతో.

అక్క మొహం వెలిగిపోయింది. "కాకా, నీకు సమజైంది! మరీ బిగిస్తె పెళుసైతది. ఒక్క దెబ్బకు పగుల్తది. గందుకే నడుమ గాజునూలు బట్ట పెడ్త, పొర మీద పొర. రెజిన్ పగిలినా బట్ట పట్టుకుంటది. బట్ట వంగినా రెజిన్ నిలవెడ్తది."

ఆ రోజు నుంచి మా నాన్న ఊళ్ళో అందరికీ, తన కొడుకు మేనరికాల ఫ్యాక్టరీలో మేనేజరని చెప్పుకున్నాడు. సంబంధాలు చూసే కంపెనీ అనుకుని ఇద్దరు ముగ్గురు ఫోటోలు కూడా పంపారు.

షెడ్డులో మేం ముగ్గురమే. అక్క, నేను, ప్రెస్ నడిపే మారుతి. మారుతి మరాఠీవాడు, బలిష్ఠుడు, ఆంజనేయ భక్తుడు. పని ఇలా సాగేది. అక్క పెద్ద గిన్నెలో రెజిన్ కాచేది. గాజుబట్టను అందులో ముంచి, తీగకు ఆరేసేవాళ్ళం. అది మరీ తడిగానూ ఉండకూడదు, మరీ గట్టిపడనూ కూడదు. వేలితో తాకితే అంటుకోకుండా, గోరుతో నొక్కితే గుర్తు పడేట్టు ఉండాలి. ఆ స్థితిలో ముక్కలు కోసి, దొంతరగా పేర్చి, వేడి ప్రెస్‌లో బిగిస్తే పలక అవుతుంది. ఆ తర్వాత భట్టీలో మెల్లమెల్లగా వేడి పెంచుతూ ముదరబెట్టాలి. భట్టీ వేడి మెట్లు తొందరగా ఎక్కించావా, అక్క నిన్ను ఎక్కిస్తుంది.

ప్రెస్ దగ్గర ఆమెను చూడాలి. పలకలు బిగిసే క్షణంలో గడియారం చూసేది కాదు, ముక్కు ఎగబీల్చేది. ఆ వాసన మారగానే కేక. "మారుతీ! శ్వాస్ ద్యా!" ఊపిరి తీసుకోనియ్యమని. మారుతి ప్రెస్‌ను వెంట్రుక మందం ఎత్తేవాడు. లోపలి ఆవిరి బుస్సుమని బయటికొచ్చేది. మళ్ళీ బిగించేవాడు. ఎందుకని అడిగితే ఒకసారి చెప్పింది.

"చుట్టరికం కలిసేటప్పుడు నీళ్ళొస్తయి రా. అప్పగింతలల్ల ఏడ్వరా? గట్ల. ఆ నీళ్ళు బయటికి పోవాలె. లోపల మింగుకున్నరో, ఎన్నడో ఒకనాడు ఉబ్బి పలుగుతయి."

ఇక అసలు పందెం గురించి చెప్పాలి. ఊరికి దూరంగా, కొలిములతో లోహం కరిగించే ఒక ఫ్యాక్టరీ ఉండేది. దాని కొలిమిలోకి కరెంటు దింపే లావుపాటి స్తంభాలను, అంటే ఎలక్ట్రోడ్లను, పట్టుకునే ఇనుప చేతుల మధ్య పలకలు పెట్టాలి. వాటిలోంచి కరెంటు పోకూడదు, అవి వేడికి మెత్తబడకూడదు, బిగిస్తే పగలకూడదు. బయటి దేశం పలక అమ్మడానికి బొంబాయి నుంచి ఒక ఏజెంటు వచ్చాడు. ఫ్యాక్టరీలో పరీక్షలు చూసే దేశ్‌ముఖ్ సాహెబ్ పద్ధతైన మనిషి. ఇద్దరి పలకలూ ఒకే భట్టీలో పెట్టి చూస్తానన్నాడు. మే నెల చివరికి రమ్మన్నాడు. గెలిచినవాళ్ళకే పని, రెండో అవకాశం లేదు.

అప్పటికే అక్క ఊరంతా చాటింపు వేసేసి ఉంది. గని కాలనీలో, కూరగాయల బజారులో, మహాకాళి గుడి మెట్ల మీద కూడా. "ఫారిన్ పలకను చంద్రపూర్ పలక కొడ్తది" అని. నాతో మాత్రం షెడ్డులో ఒక్కసారే మెల్లగా అంది. "గీ పరీక్ష పోతె షెడ్డుకు తాళమేస్త తమ్మీ. పూణే పోయి మల్ల కుర్చీల కూసుంట. కొనేటోడు లేకుంట ఎన్నొద్దులని చేస్త?" ఆమె మెల్లగా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

అప్పుడే పలకలు చెడిపోవడం మొదలైంది.

చలికాలంలో గంటల్లా మోగిన పలకలు మే నెలలో భట్టీలోంచి పొక్కులతో రాసాగాయి. చికెన్‌పాక్స్ వచ్చిన పిల్లల్లా. బిళ్ళతో కొడితే 'డబ్'. మళ్ళీ చేస్తే మళ్ళీ 'డబ్'. అక్క రెజిన్ వంట మార్చింది. భట్టీ మెట్లు ఇంకా మెల్లగా ఎక్కించింది. మారుతి ప్రెస్‌కు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. శనివారం నూనె పోశాడు. నేను నావంతుగా, బొంబాయి ఏజెంటు మంత్రగాణ్ణి పెట్టించాడని ప్రచారం చేశాను. ఏదీ పనిచేయలేదు. ఊళ్ళో మాట పాకింది. కూరగాయల బజారులో బెండకాయలమ్మే ఒకామె, "ఏం తాయీ, పలకలకు దద్దుర్లొచ్చినయంట గదా?" అని అడిగింది. అక్క బెండకాయలు ఏరుతూనే, "మీ బెండకాయలు గూడ ముదిరినయి, నేనేమన్న అన్ననా?" అంది గానీ, ఆ రోజు కూర కొనకుండానే వచ్చేసింది.

అప్పుడే షెడ్డు ఓనరు వచ్చాడు. తెలుగాయనే, మా దూరపు చుట్టం. కూల్‌డ్రింకు ఏజెన్సీవాళ్ళకు గోదాము కావాలట. అక్క ఎప్పుడు ఖాళీ చేస్తుందో మర్యాదగా కనుక్కుందామని వచ్చాడు.

మా ఊళ్ళో మే నెలలో మర్యాద అంటే ఒకటే. వచ్చినవాణ్ణి కూలర్ ముందు కూర్చోబెట్టాలి. కుర్చీ మంచిదా కాదా ఎవరూ చూడరు, కూలర్‌కు ఎదురుగా ఉందా లేదా అనేదే చూస్తారు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి తండ్రిని కూలర్‌కు పక్కగా కూర్చోబెట్టారని సంబంధం తప్పిపోయిన ఇల్లు నాకు తెలుసు. మా షెడ్డులో లోపలి గదిలో ఒకే ఒక్క కూలర్ ఉండేది. వట్టివేరు చాపలు కట్టిన పెద్దది. దానికి ఎదురుగా కూర్చునే గౌరవం మాకెవరికీ లేదు. అది రెజిన్ పట్టించిన గాజుబట్టది. ఎందుకంటే మే నెల వేడికి ఆ బట్ట ప్రెస్ దాకా రాకముందే గట్టిపడిపోయేది. "పెండ్లి పీటల మీదికి రాకముందే కాపురం వెట్టుకుంటుంది" అని అక్క తిట్టి, దాన్ని తీగ మీద కూలర్‌కు ఎదురుగా ఆరేయించింది. మేం బయట రేకుల కింద వేగుతుంటే, బట్ట లోపల చల్లగాలిలో ఊగుతుండేది. "తాయీ, నాకంటే ఆ కప్డాకే నసీబ్ బాగుంది" అని మారుతి రోజూ అనేవాడు.

ఓనరును కూడా ఆ బట్ట పక్కనే కూర్చోబెట్టాం. గిన్నెలో అటుకుల చివ్డా పోసి స్టూలు మీద పెట్టాను. ఆయన మాట తిప్పి తిప్పి గోదాము దగ్గరికి వచ్చేసరికి చాలాసేపయింది. అక్క మొహం ఎర్రబడుతోంది. ఆయన మాట్లాడుతూనే చివ్డా గుప్పెడు నోట్లో వేసుకుని, నమిలి, ఆగాడు.

"ఇదేందమ్మా, మెత్తగున్నది? పాతదా?"

షెడ్డు పోతుందన్నా భరించింది గానీ, ఈ మాట అక్క భరించలేకపోయింది. "పాతదా? నా ఇంట్ల వచ్చినోనికి పాత చివ్డా వెడ్తనా? తమ్మీ, గిది ఎప్పుడు దెచ్చినవ్ రా?"

"పొద్దున్నే తెచ్చిన అక్కా. నోట్లేస్తె కరకరమన్నది. ఇంత దూరం వినబడ్డది." నిజంగానే తాజాది. ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మొచ్చు.

అక్క తనూ ఒక గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలింది. ఓనరుకు ఏదో జవాబు చెప్పబోయి, ఆయన్నే మరిచిపోయింది. చివ్డా గిన్నె వైపు చూసింది. గిన్నె మీదుగా వీస్తున్న కూలర్ వైపు చూసింది. కూలర్ చాపల్లోంచి కారుతున్న నీళ్ళు చూసింది. చివరికి తీగ మీద హాయిగా ఊగుతున్న గాజుబట్ట వైపు చూసింది.

"అరే," అంది. "అరే, అరే, అరే! నీళ్ళు తాపుతున్నం రా దానికి! పొద్దుగాల్నించి నీళ్ళు తాపుతున్నం!"

ఓనరు బెదిరిపోయాడు. "మంచినీళ్ళు నాకు వద్దమ్మా" అన్నాడు.

అక్క ఒక్క అంగలో వెళ్ళి కూలర్ స్విచ్ ఆపింది. తర్వాత జరిగింది మారుతి ఇప్పటికీ చెబుతాడు, కాబట్టి నేను పెంచినది కాదు. ఆమె ఓనరు రెండు చేతులూ పట్టుకుని ఊపేసి, "అన్నా, నీ పండ్లు సల్లగుండ! నువ్వు ఖాళీ చెయ్యమనేతందుకు రాలే, దేవుడు పంపిండు నిన్ను" అంది. ఆయన సంగతి తేల్చుకోకుండానే చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

చుట్టరికం కలిసేటప్పుడు వచ్చే నీటిని ప్రెస్ ఊపిరితో బయటికి పంపుతున్నాం. దానికి తోడు కూలర్ పెట్టిన తేమ పొరల సందుల్లో దాక్కుని, భట్టీలో ఆవిరై, పలకను ఉబ్బిస్తోంది. చలికాలంలో కూలర్ లేదు, పొక్కులూ లేవు. ఎంత మర్యాద చేస్తే అంత చెడిపోయిందన్నమాట బట్ట. సరే, కూలర్ తీసేస్తే బట్ట గట్టిపడుతుంది. పెడితే తడుస్తుంది. నేను తల పట్టుకున్నాను. అక్క మా దుకాణానికి పరిగెత్తింది.

"కాకా, మూత గట్టిగుండే రేకు డబ్బాలు గావాలె. పప్పులు పోసుకునే పెద్దయి."

బట్టను ఆ డబ్బాల్లో చుట్టిపెట్టి, మూతల చుట్టూ మైనం పోసి మూసింది. డబ్బాలను కూలర్ ముందు వరసగా కూర్చోబెట్టింది. "సల్లదనం డబ్బాకు తగలాలె, బట్టకు గాదు" అంది. అంతటితో ఆగలేదు. రెజిన్ పట్టించక ముందు ఉత్త గాజుబట్టను షెడ్డు బయట మిట్టమధ్యాహ్నపు ఎండలో పరిచింది. మా మే నెల గాలిలో తేమ చుక్క ఉండదు. చెమట పట్టకముందే ఆరిపోయే ఊరు మాది. ఆ వడగాలి బట్టలో ఉన్న చివరి తడిని కూడా పీల్చుకుపోయింది. "పూణేల గిట్ల ఆరబెట్టాలంటె మిషన్ గావాలె" అని, నడుం మీద చేతులు పెట్టుకుని ఎండలో నిలబడి చూసింది. ఆ సాయంత్రం చేసిన పలక భట్టీలోంచి బయటికి తీసి బిళ్ళతో కొడితే, మారుతి గుడిగంట అనుకుని దండం పెట్టుకున్నాడు. ఇది కొంచెం పెంచాను. దండం పెట్టుకున్నది నిజం, ఎందుకో తెలియదు.

పరీక్ష రోజున ఫ్యాక్టరీ లాబ్‌లో ఒక పక్క మేం, ఒక పక్క బొంబాయి ఏజెంటు. ఆయన పలక మఖ్మల్ పరిచిన పెట్టెలో వచ్చింది. ఆయన టై కూడా మఖ్మల్‌దే అనిపించింది. పాపం, గేటు నుంచి లాబ్ దాకా వచ్చేసరికే ఆయన సగం కరిగిపోయాడు. భట్టీలో రెండు పలకలనూ పక్కపక్కన, రెండు కొసలూ ఆనేట్టు పెట్టారు. ఒక్కొక్కదాని నడుమ ఒక ఇనుప కడ్డీ ఆని, దాని నుంచి భట్టీ కిందికి బరువు వేలాడుతుంది. పలక వంగితే బయట ఉన్న ముల్లు కదులుతుంది. అంతే. పిల్లలకు కూడా అర్థమయ్యే పరీక్ష.

అందరూ మరాఠీలోనే మాట్లాడారు. నా తెలుగులో చెబుతాను.

దేశ్‌ముఖ్ సాహెబ్ తమకు కావలసిన వేడిదాకా తీసుకెళ్ళి ఆపాడు. చాలాసేపు చూశాం. ఏ ముల్లూ కదల్లేదు. రెండూ నిలబడ్డాయి.

ఏజెంటు నుదురు తుడుచుకుని నవ్వాడు. "ఇద్దరమూ పాసైనట్టే సాహెబ్. అలాంటప్పుడు ఇక పేరున్న సరుకు వైపే చూస్తారనుకుంటా. మాది ప్రపంచమంతా వాడుతున్నారు."

దేశ్‌ముఖ్ సాహెబ్ గడ్డం గోక్కున్నాడు. ఆ గోకుడులో మా ఓటమి నాకు కనబడింది. నేను నోరు తెరవబోయాను. మా పలకను నిజాం కోటతో కలపడానికి కథ సిద్ధంగా ఉంది. అక్క నా కాలు తొక్కింది.

"సాహెబ్, వేడి పెంచండి."

"ఎందుకు తాయీ? మాకు ఇంతే కావాలి."

"మీకు ఇంతే కావాలి. నాకు అది ఎక్కడ విరుగుతుందో కావాలి."

నేను చెవిలో గొణిగాను. "అక్కా, పాసైనం. మనది అగ్గువది, బతిమాలుదాం. ఇప్పుడు పెంచితె మనదే ముందు ఇరిగిందనుకో, షెడ్డు పాయె!"

"ఇరగనీ," అంది నా వైపు చూడకుండానే. "ఏడ ఇరుగుతదో ఎర్కలేనిదాన్ని ఎట్ల అమ్ముత రా? పెంచమను."

ఏజెంటు వద్దనలేకపోయాడు. ప్రపంచమంతా వాడే సరుకు కదా. వేడి పెరిగింది. ఆయన ముల్లు వెంట్రుకంత జరిగింది. "అది మామూలే" అన్నాడు. ఇంకా పెరిగింది. ముల్లు మళ్ళీ జరిగింది, ఈసారి ఆగలేదు. మా ముల్లు మాత్రం మా నాన్న బామ్మర్దిలా కూర్చున్న చోటి నుంచి కదలనంది. కొలిముల దగ్గరి కార్మికులు ఒక్కొక్కరే వచ్చి తలుపు దగ్గర మూగారు. పందేలు కూడా మొదలైనట్టు చప్పుడు. ఇంకొక మెట్టు ఎక్కించేసరికి, ఏజెంటు పలక మైసూర్ పాక్‌లా మధ్యలో దిగిపోయి, దాని బరువు కింద పళ్ళెంలో ధన్ మని పడింది. తలుపు దగ్గర ఒకటే కేకలు. "తాయీ! తాయీ!"

"జింకలాత్ తాయీ!" గెలిచారు అన్నాడు దేశ్‌ముఖ్ సాహెబ్. పద్ధతైన మనిషి కూడా చప్పట్లు కొట్టాడు. నేను ఎగిరి గంతేశాను. మా ఊరి ఎండకు ఇది మొదటి అంతర్జాతీయ విజయమని అప్పటికప్పుడే పక్కవాడికి చెప్పేశాను. ఏజెంటు మాత్రం మంచివాడే. టై విప్పి జేబులో పెట్టుకుని, అక్కకు చెయ్యిచ్చాడు.

అక్క ఆయన చెయ్యి కలిపింది గానీ కళ్ళు మా ముల్లు మీదే ఉన్నాయి.

"పెంచండి సాహెబ్."

"ఇంకానా? ఆట అయిపోయింది తాయీ!"

"మాది ఇంకా విరగలేదు."

పెంచారు. పలక నల్లబడింది, కాస్త పొగ కూడా వచ్చింది, ముల్లు మొదటిసారి కొంచెం వణికింది. అంతలో భట్టీ తన చివరి గీత దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఇంక దాని దగ్గర వేడి లేదు. ఊరంతా గెలిచిన ఆ గదిలో మొహం ముడుచుకున్న మనిషి ఒక్క అక్కే.

"ఎన్ని పలకలు చేసిస్తారు? ఎప్పటి నుంచి మొదలుపెడతారు?" అని దేశ్‌ముఖ్ సాహెబ్ అడుగుతున్నాడు. నేను వేళ్ళ మీద లెక్కలు మొదలుపెట్టాను. అక్క ఆయనకు అడ్డం వచ్చింది.

"సాహెబ్, మీ దగ్గర దీనికంటే వేడిగా ఏముంది?"

ఆయన పెద్దగా నవ్వి, కిటికీలోంచి చెయ్యి చాపి కొలిమి చూపించాడు.

ఇక ఆ ఊరేగింపు చూడాలి. ముందు పట్టకారుతో పలక పట్టుకున్న ఒక కార్మికుడు, వెనక అక్క, ఆమె వెనక దేశ్‌ముఖ్ సాహెబ్, టై లేని ఏజెంటు, మేం, ఆ షిఫ్టులో ఖాళీగా ఉన్నవాళ్ళందరూ. గెలిచిన పలకను ఎవరైనా అద్దాల పెట్టెలో పెట్టుకుంటారు. ఈమె దాన్ని విరగ్గొట్టించుకోవడానికి, ఆలస్యమైతే కొలిమి చల్లారిపోతుందేమో అన్నట్టు పెద్ద పెద్ద అంగలు వేస్తూ నడుస్తోంది. కార్మికుడు పొడుగాటి పట్టకారుతో పలకను కొలిమి నోటి ముందు పట్టుకున్నాడు. అంచులు ఎర్రబడ్డాయి. ఎంతసేపో ఏమీ కాలేదు. అక్క చెయ్యి అడ్డం పెట్టుకుని, కనురెప్ప వేయకుండా చూస్తోంది. చివరికి కొస నుంచి ఒక పొర లేచింది, దాని వెనక ఇంకొకటి. ఠాప్ మని పలక నడిమికి విరిగింది.

అక్క నవ్వింది. కొలిమి హోరులో కూడా వినబడేంత గట్టిగా నవ్వి, నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఇప్పుడెర్కైంది రా తమ్మీ. ఇగ అమ్ముత."